బ్యాంకుల బెయిలవుట్‌పై ప్రజా నిరసనలు: రాయలసీమ, తెలుగు ప్రాంతాలు

సంక్షోభంలో కూలిపోయే స్థితికి వచ్చిన బ్యాంకును ప్రభుత్వం ఖజానా సొమ్ముతోనో, హామీతోనో నిలబెట్టడాన్ని బెయిలవుట్ అంటారు. ఆ నిర్ణయాన్ని, లేదా దాని భారం ఎవరి మీద పడిందన్నదాన్ని ప్రశ్నిస్తూ పౌరులు, డిపాజిటర్లు, రైతులు, బ్యాంకు ఉద్యోగులు చేసిన ఆందోళనలు ఈ వ్యాస విషయం. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అమెరికా, ఐస్‌లాండ్, ఐర్లాండ్‌లలో జనం బ్యాంకులకు డబ్బు ఇవ్వవద్దని నేరుగా అడిగారు. తెలుగు ప్రాంతాల్లో ఆ డిమాండుతో వీధికెక్కినవాళ్లు చాలా తక్కువ. ఇక్కడి ధర్నాలు ఎక్కువగా పెద్దలను ఆదుకున్న చేత్తోనే తమనూ ఆదుకోవాలన్న వాదన మీద నడిచాయి. కర్నూలు, కడప జిల్లాల మెట్ట ప్రాంతంలో ఈ ధోరణి స్పష్టంగా కనబడుతుంది.

పరిధి

నిరసనకారులను నాలుగు వర్గాలుగా చూడవచ్చు. పన్ను కట్టే పౌరులు, దాచుకున్న సొమ్ము ఇరుక్కుపోయిన డిపాజిటర్లు, తమ అప్పుకు నోటీసు అందుకుంటూ పెద్ద సంస్థల బకాయిలు కొట్టివేతకు గురికావడం చూసిన రుణగ్రస్తులు, విలీనాలనూ ప్రైవేటీకరణనూ వ్యతిరేకించే బ్యాంకు ఉద్యోగులు. మొదటి వర్గం ఐరోపా, అమెరికాల్లో బలంగా ఉంటే, తెలుగు నేల మీద మిగిలిన మూడే ప్రధానం. బ్యాంకు కాకున్నా బ్యాంకులా డిపాజిట్లు సేకరించిన సంస్థల బాధితులు కూడా ప్రభుత్వం ఆదుకోవాలనే అడిగారు కాబట్టి వారి ఉద్యమాలనూ ఇక్కడ చేర్చాం.

బెయిలవుట్ రకాలు, పనితీరు

ప్రభుత్వం బ్యాంకు వాటాలు కొని మూలధనం సమకూర్చడం, డిపాజిట్లకూ బాండ్లకూ హామీ ఉండటం, బలహీన బ్యాంకును బలమైనదానిలో కలపడం, పూర్తిగా జాతీయం చేయడం తరచుగా కనిపించే పద్ధతులు. వీటికి ఎదురుగా నిలిచేది బెయిలిన్. ఇందులో బయటి సొమ్ము రాదు. వాటాదారులు, బాండ్లు కొన్నవారు, ఒక్కోసారి పెద్ద డిపాజిటర్లు నష్టం మోస్తారు.

భారత ప్రభుత్వం 2017 అక్టోబరు 24న ప్రకటించిన 2.11 లక్షల కోట్ల రూపాయల పథకం మొదటి రకానికి చెందింది. అందులో 1.35 లక్షల కోట్లు మూలధన బాండ్లు. ప్రభుత్వం బాండ్లు జారీ చేస్తుంది, వాటిని ప్రభుత్వ రంగ బ్యాంకులే కొంటాయి, ఆ డబ్బుతో ప్రభుత్వం తిరిగి అవే బ్యాంకుల వాటాలు కొంటుంది. బ్యాంకు లెక్కల్లో మూలధనం పెరుగుతుంది. బడ్జెట్ నుంచి ఏటా వెళ్లేది వడ్డీ మాత్రమే. ఖజానా నుంచి మూటలు కదలని ఈ ఏర్పాటును ధర్నా వేదిక మీద వివరించడం కష్టం. దేశంలోని అతి పెద్ద బ్యాంకు బెయిలవుట్లలో ఒకటి పెద్దగా అలజడి లేకుండా గడిచిపోవడానికి ఇదొక కారణం.

వేదికల మీద తరచుగా కలిసిపోయే మాటలు రెండు ఉన్నాయి. రైటాఫ్ అంటే మొండి బాకీని బ్యాంకు తన ఆస్తుల పద్దు నుంచి తీసేయడం; అప్పు తీసుకున్నవాడి బాధ్యత అలాగే ఉంటుంది, వసూలు ప్రయత్నం కొనసాగవచ్చు. మాఫీ అంటే బాధ్యతే రద్దు కావడం. 2022తో ముగిసిన అయిదేళ్లలో బ్యాంకులు దాదాపు 10 లక్షల కోట్ల రూపాయలు రైటాఫ్ చేసినట్టు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. రైతు సంఘాలు దీన్ని కార్పొరేట్ రుణమాఫీ అన్నాయి. సాంకేతికంగా అది సరికాదు. అయితే రైటాఫ్ అయిన సొమ్ములో వసూలైనది కొద్ది భాగమే కావడంతో విమర్శ వీగిపోలేదు.

పూర్వ చరిత్ర

దత్తమండలాలు (ఇప్పటి రాయలసీమ) మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1906 అక్టోబరులో, మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. ఉద్యోగులు, వకీళ్లు, చిన్న జమీందార్లు దాచుకున్న సొమ్ము పోయింది. ప్రభుత్వం ఆదుకోలేదు. బాధితుల తరఫున న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యర్ కోర్టులో పోరాడారు. కంపెనీ అధిపతి సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కు జైలు శిక్ష పడింది. దేశీయుల చేతిలో బ్యాంకు ఉండాలన్న పట్టుదలతో మరుసటి ఏడాదే ఇండియన్ బ్యాంక్ ఏర్పడింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు కూడా దేశీయ బ్యాంకుల ఆ ఒరవడిలోదే.

1960లో కేరళలోని పాలయ్ సెంట్రల్ బ్యాంకు పతనం తర్వాత 1962లో డిపాజిట్ బీమా వచ్చింది. మొదటి పరిమితి 1,500 రూపాయలు. 1993లో లక్షకు, 2020 ఫిబ్రవరిలో 5 లక్షలకు పెరిగింది. 1969లో 14 బ్యాంకులను, 1980లో ఆంధ్రా బ్యాంకు సహా మరో ఆరింటిని జాతీయం చేశారు. సర్కారు బ్యాంకు మునగదన్న నమ్మకం అక్కడి నుంచి స్థిరపడింది. దాన్ని ఆదుకోవడం వివాదం కాకుండా విధిగా కనిపించడం మొదలైందీ అప్పుడే.

ఇతర దేశాలు

అమెరికాలో 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ పెట్టుబడి బ్యాంకు పడిపోయింది. ప్రభుత్వం ప్రతిపాదించిన 70,000 కోట్ల డాలర్ల పథకాన్ని ప్రతినిధుల సభ సెప్టెంబరు 29న 228–205 ఓట్లతో తిరస్కరించింది. సవరించిన బిల్లు అక్టోబరు 3న చట్టమైంది. బెయిలవుట్ సొమ్ము అందుకున్న ఏఐజీ బీమా సంస్థ 2009లో ఉద్యోగులకు బోనస్‌లు పంచినప్పుడు కోపం పతాకస్థాయికి చేరింది. 2011 సెప్టెంబరు 17న న్యూయార్క్ జుకోటి పార్కులో ఆక్యుపై వాల్‌స్ట్రీట్ శిబిరం వెలిసింది; 99 శాతం ప్రజలు, 1 శాతం ధనికులు అన్న విభజనను రాజకీయ పరిభాషలోకి తెచ్చింది అదే.

ఐస్‌లాండ్‌లో 2008 అక్టోబరులో మూడు పెద్ద బ్యాంకులు కూలాయి. పార్లమెంటు ముందు జనం గిన్నెలు, గరిటెలు మోగిస్తూ నిలబడగా 2009 జనవరిలో ప్రభుత్వం రాజీనామా చేసింది. ఐస్‌సేవ్ ఆన్‌లైన్ ఖాతాల్లోని విదేశీ డిపాజిట్ల భారం మోయడానికి 2010, 2011 ప్రజాభిప్రాయ సేకరణల్లో ఓటర్లు నిరాకరించారు. సైప్రస్‌లో 2013 మార్చిలో డిపాజిట్ల మీద కోత ప్రతిపాదనకు పార్లమెంటులో ఒక్క అనుకూల ఓటూ పడలేదు.

ఐర్లాండ్‌లో రాజధాని ఊరేగింపుల కన్నా కార్క్ కౌంటీలోని బాలీహే అనే చిన్న పల్లె ఎక్కువ గుర్తుండిపోయింది. 2011 మార్చి నుంచి ప్రతి ఆదివారం చర్చి ప్రార్థన ముగిశాక అక్కడి జనం బ్యానరు పట్టుకుని ఊరి రోడ్డు మీద నడిచేవారు. ప్రైవేటు బ్యాంకుల బాండ్లు కొన్నవారి నష్టాన్ని ప్రజలెందుకు పూడ్చాలన్నదే వారి ప్రశ్న. ఆ ఆదివారపు నడక ఏళ్ల తరబడి సాగింది. ఒక చిన్న పల్లె కూడా ఇలాంటి విషయంలో నిలకడగా మాట్లాడగలదనడానికి ఇది అరుదైన ఉదాహరణ.

హైదరాబాద్ బ్యాంకుల పతనం, 2001–2004

2001లో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు మూతపడటంతో మొదలై చార్మినార్, ప్రుడెన్షియల్, వాసవి వంటి పట్టణ సహకార బ్యాంకులు ఒకదాని వెంట ఒకటి దెబ్బతిన్నాయి. రిటైరైన ఉద్యోగులు, చిన్న వ్యాపారులు శాఖల ముందు, సహకార శాఖ కార్యాలయాల ముందు బైఠాయించారు. లక్ష రూపాయల బీమా దాటిన సొమ్ము లిక్విడేటర్ చేతికి వెళ్లింది.

అదే సమయంలో సికింద్రాబాద్ కేంద్రంగా రమేష్ గెల్లి స్థాపించిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కథ వేరేలా ముగిసింది. 2004 జులై 24న దానిపై మారటోరియం విధించి, ఖాతాకు 10,000 రూపాయలకు మించి తీయకూడదన్నారు. మూడు వారాల్లోనే, ఆగస్టు 14 నాటికి, ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనం పూర్తయింది. డిపాజిటర్లకు పైసా నష్టం లేదు. వాటాదారులకు ఏమీ దక్కలేదు. ఒకే నగరంలో పక్కపక్క వీధుల్లో ఖాతాలున్నవారికి ఇంత తేడా రావడం సహకార బ్యాంకు బాధితుల వాదనకు ఆధారమైంది.

2020 మార్చిలో యెస్ బ్యాంకు సంక్షోభంలోనూ ప్రైవేటు వాణిజ్య బ్యాంకుకే రక్షణ త్వరగా అందింది. స్టేట్ బ్యాంకు నాయకత్వంలో పెట్టుబడి వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం అంతకు కొన్ని నెలల ముందే అందులోంచి 1,300 కోట్ల రూపాయలు వెనక్కి తీసుకోవడం అప్పట్లో తెలుగునాట ప్రధాన వార్త.

సూక్ష్మరుణాల సంక్షోభం, 2010

డ్వాక్రా సంఘాలు బలంగా ఉన్న పల్లెల్లో ప్రైవేటు మైక్రోఫైనాన్స్ సంస్థలు వారం వారం వసూలు పద్ధతిలో విస్తరించాయి. ఒకే మహిళకు మూడు నాలుగు సంస్థల అప్పులు, ఒకరు కట్టకపోతే గుంపు మొత్తం వాకిట్లో కూర్చోవడం, ఆత్మహత్యలు, వాటిపై ఆందోళనలు 2010 అక్టోబరు ఆర్డినెన్సుకు దారి తీశాయి. తరువాతి చట్టం వారం వసూళ్లను నెలకు మార్చింది. వసూలు గ్రామ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే జరగాలంది. చెల్లింపులు దాదాపు నిలిచిపోయాయి. ఈ సంస్థలకు అప్పులిచ్చిన బ్యాంకులు చిక్కుల్లో పడ్డాయి. 2011లో రిజర్వు బ్యాంకు వెసులుబాటుతో స్పందన, షేర్, అస్మిత వంటి సంస్థల బాకీలను బ్యాంకులు పునర్వ్యవస్థీకరించాయి. అప్పు తీసుకున్న మహిళలకు మాత్రం ఆ రకమైన పునర్వ్యవస్థీకరణ ఏదీ అందలేదు.

రాయలసీమ: రెండు హెక్టార్ల గీత

బేతంచెర్ల 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాలో, ఆ తర్వాత నంద్యాల జిల్లాలో ఉన్న పట్టణం. చుట్టుపక్కల మెట్ట సేద్యం, నాపరాతి గనులు, బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు జీవనాధారం. వాన మీద ఆధారపడ్డ ఇలాంటి చోట అయిదెకరాలు దాటిన పట్టా ఉండటం ధనవంతుడని చెప్పే గుర్తు కాదు. 2008 నాటి కేంద్ర రుణమాఫీ ఈ వాస్తవాన్నే ఢీకొంది.

2008 ఫిబ్రవరి 29న ఆర్థిక మంత్రి పి. చిదంబరం బడ్జెట్‌లో ప్రకటించిన ఆ పథకం మొదటి అంచనా 60,000 కోట్లు, తర్వాత 71,000 కోట్లు దాటింది. రెండు హెక్టార్లు, అంటే అయిదెకరాల లోపు రైతులకు పూర్తి మాఫీ. అంతకు మించి ఉన్నవారు 75 శాతం కడితే 25 శాతం రాయితీ. కాలువ కింద నాలుగెకరాల మాగాణి, ఏటా రెండు పంటలు ఉన్న రైతుకు బాకీ మొత్తం పోతుంది. పదెకరాల మెట్టలో వేరుశనగ వేసి వరుసగా ఎండబెట్టుకున్న రైతు ముప్పావు వంతు చేతి నుంచి కట్టాలి.

కరువు జిల్లాల రైతులు, రైతు సంఘాలు, ప్రతిపక్షాలు ఈ తేడాను ఎత్తి చూపాక 2008 మేలో సవరణ వచ్చింది. దేశవ్యాప్తంగా 237 కరువు పీడిత, ఎడారి ప్రాంత జిల్లాల్లోని పెద్ద కమతాలకు రాయితీ 25 శాతం లేదా 20,000 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. లెక్క వేస్తే: 60,000 బాకీ ఉన్న మెట్ట రైతుకు పాత పద్ధతిలో 15,000 తగ్గేది, సవరణతో 20,000 తగ్గుతుంది. మిగిలిన 40,000 తెస్తేనే ఆ రాయితీ దక్కుతుంది. బాకీ తీర్చడానికి షావుకారు దగ్గర కొత్త బాకీ చేయక తప్పనివాడికి ఇది ఎంత మేరకు విముక్తి అన్నది అప్పటి సభల్లో ప్రధాన ప్రశ్న.

బాకీ సకాలంలో కట్టినవారికి ఏమీ రాకపోవడం మరో ఫిర్యాదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం అలాంటి రైతులకు 5,000 రూపాయల ప్రోత్సాహకం ఇచ్చింది. నిరసన వల్ల బెయిలవుట్ పరిధి విస్తరించిన సందర్భమిది.

రుణ విముక్తి, 2014–2019

రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం ప్రభుత్వం పంట రుణాల మాఫీకి పూనుకుంది. నాబార్డ్ మాజీ ఛైర్మన్ కోటయ్య నాయకత్వంలోని కమిటీ సిఫార్సుల తర్వాత కుటుంబానికి లక్షన్నర పరిమితి పెట్టారు. 50,000 లోపు ఒకేసారి. మిగిలినది పది శాతం వడ్డీతో వాయిదాల్లో. నిధుల కోసం రైతు సాధికార సంస్థ ఏర్పడింది. మొత్తం భారం దాదాపు 24,500 కోట్లుగా లెక్కించారు.

మాఫీ మాట విన్న రైతులు ఎన్నికల ముందు నుంచే కట్టడం ఆపారు. గడువు దాటిన ఖాతాకు వడ్డీ రాయితీ పోయి మామూలు వడ్డీ పడింది. తాకట్టు బంగారానికి వేలం నోటీసులు వచ్చాయి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌పుస్తకం వివరాలు సరిపోలక వేలాది ఖాతాలు తిరస్కరణకు గురయ్యాయి. ఏ పంటకు ఎకరాకు ఎంత అప్పన్న రుణ పరిమితి లెక్క మరికొన్ని ఖాతాలను కత్తిరించింది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో బ్యాంకు శాఖల ముందు, తహసీల్దారు కార్యాలయాల ముందు జరిగిన ఆందోళనలు ఈ చిల్లర కారణాల చుట్టూనే తిరిగాయి. 2019 సెప్టెంబరులో కొత్త ప్రభుత్వం నాలుగు, అయిదు విడతల చెల్లింపును రద్దు చేసింది. చేతిలో రుణ విముక్తి పత్రాలున్న రైతుల్లో కొందరు హైకోర్టుకు వెళ్లారు.

రైతు మాఫీని బ్యాంకు బెయిలవుట్‌గా చూసే ఆర్థికవేత్తలూ ఉన్నారు. సొమ్ము రైతు పేరున బ్యాంకు ఖాతాకే జమ అవుతుంది. మొండి బకాయి కావాల్సినది వసూలైపోతుంది. వ్యతిరేక వాదన ఏమిటంటే, మాఫీ ఆశ తిరిగి చెల్లించే అలవాటును చెడగొట్టి తర్వాతి ఏడాది రుణ మంజూరును కుదిస్తుంది. రెండిటికీ బలం ఉంది; కోతకాలం వరకు డబ్బు రాని మెట్ట రైతు విషయంలో మాత్రం రెండో వాదన సగమే నిలుస్తుంది.

అగ్రిగోల్డ్ డిపాజిటర్ల ఉద్యమం

విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్ బ్యాంకు కాదు. భూమి ఇస్తామనో, సొమ్ము వడ్డీతో తిరిగిస్తామనో చెప్పి పలు రాష్ట్రాల్లో దాదాపు 32 లక్షల మంది నుంచి సుమారు 6,380 కోట్లు సేకరించింది. 2014లో చెల్లింపులు ఆగాయి. 2015 జనవరి నుంచి సీఐడీ దర్యాప్తు సాగింది. ఛైర్మన్ అవ్వా వెంకటరామారావు 2016 ఫిబ్రవరిలో అరెస్టయ్యారు.

ఈ ఉద్యమంలో ఏజెంట్ల స్థానం ప్రత్యేకమైనది. ఏజెంటు బయటివాడు కాదు. అదే వీధిలో ఉండే చిన్నాన్న, వదిన, బడి పంతులు. నెలనెలా ఇంటికొచ్చి డబ్బు తీసుకుని రసీదు రాసిచ్చిన మనిషి. కంపెనీ తలుపులు మూశాక జనం అతని గడపే తొక్కారు. అందుకే బాధితుల సంఘంలో ఖాతాదారులు, ఏజెంట్లు కలిసే ఉన్నారు. సీపీఐ నాయకుడు ముప్పాళ్ల నాగేశ్వరరావు దానికి గౌరవాధ్యక్షుడు. రిలే నిరాహార దీక్షలు, కలెక్టరేట్ల ముట్టడి, విజయవాడ యాత్రలు ఏళ్ల తరబడి సాగాయి. బాండ్లు చేతిలో ఎత్తి పట్టుకుని షామియానా కింద కూర్చున్న వారిలో మహిళలు ఎక్కువ. ప్రభుత్వమే ముందు చెల్లించి, ఆ తర్వాత హాయ్‌ల్యాండ్ వినోద పార్కు సహా కంపెనీ ఆస్తులు వేలం వేసి రాబట్టుకోవాలన్నది ప్రధాన డిమాండు.

2019 జులై రాష్ట్ర బడ్జెట్‌లో ఇందుకు 1,150 కోట్లు కేటాయించారు. ఆ బడ్జెట్ ప్రవేశపెట్టిన ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ బేతంచెర్లకు చెందినవారు, ఆ ఊరి మాజీ సర్పంచ్. 2019 నవంబరులో 10,000 రూపాయల లోపు డిపాజిట్ ఉన్న సుమారు 3.7 లక్షల మందికి 264 కోట్లు, 2021 ఆగస్టులో 20,000 లోపు వారితో కలిపి సుమారు 7 లక్షల మందికి 667 కోట్లు ఖాతాల్లో పడ్డాయి. ఇది ప్రైవేటు కంపెనీ చేసిన నష్టాన్ని పన్నుల సొమ్ముతో పూడ్చడమే. ఐర్లాండ్ పల్లె సరిగ్గా దీన్నే ఎదిరించింది. ఆంధ్రలో అభ్యంతరం చెప్పినవారు పెద్దగా కనబడలేదు, ఇంకా ఇవ్వాలన్నవారే ఎక్కువ. అందుకున్నది బాండ్ల యజమానులు కాక చిన్న డిపాజిటర్లు కావడమే తేడా. 20,000 పైబడిన వారి వంతు వేలం మీదే ఆధారపడి ఉండిపోయింది.

కర్నూలు, నంద్యాలల్లో ఇలాంటిదే ఇంకొకటి 2015లో జరిగింది. కేశవరెడ్డి విద్యాసంస్థలు ఫీజుకు బదులు డిపాజిట్ తీసుకుని చదువయ్యాక తిరిగిస్తామన్నాయి. ఇవ్వలేకపోవడంతో తల్లిదండ్రులు బడుల ముందు ఆందోళనకు దిగారు.

ఉద్యోగ సంఘాలు, ఎఫ్ఆర్‌డీఐ బిల్లు

బ్యాంకుల బెయిలవుట్‌ను సూత్రప్రాయంగా ప్రశ్నించినది ప్రధానంగా ఉద్యోగ సంఘాలే. అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం ఉద్దేశపూర్వక ఎగవేతదారుల జాబితాలు ప్రచురించింది. 2016లో బ్యాంకులకు బాకీ పడ్డ వ్యాపారవేత్త విజయ్ మాల్యా దేశం విడిచాక ఆ జాబితాలు రైతు సభలకూ చేరాయి. 2017 ఆగస్టులో లోక్‌సభకు వచ్చిన ఎఫ్ఆర్‌డీఐ (ఫైనాన్షియల్ రిజల్యూషన్ అండ్ డిపాజిట్ ఇన్సూరెన్స్) బిల్లులో బెయిలిన్ క్లాజు ఉండటంతో డిపాజిట్లకే ఎసరని భయం పుట్టింది. బీమా పరిధిలోని సొమ్ముకు ఆ క్లాజు వర్తించదని కేంద్రం చెప్పినా నమ్మకం కుదరలేదు. 2018 ఆగస్టులో బిల్లు ఉపసంహరించారు. భారత్‌లో నిరసన వల్ల బ్యాంకు బిల్లు వెనక్కి వెళ్లిన అరుదైన ఉదాహరణ ఇది. ఆంధ్రా బ్యాంకు విలీనానికి వ్యతిరేకంగా మచిలీపట్నం, విజయవాడల్లో జరిగిన ఆందోళనలు ఫలించలేదు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది.

విడ్డూరమైన ఘటన ఒకటి 2020 డిసెంబరులో కృష్ణా జిల్లాలో జరిగింది. ప్రభుత్వ పథకాల రుణాలు ఇవ్వడం లేదంటూ ఉయ్యూరు తదితర చోట్ల బ్యాంకు శాఖల ముందు చెత్త పోశారు. చెత్త తెచ్చింది మున్సిపల్ సిబ్బంది. నిరసనకారుడి స్థానంలో స్థానిక యంత్రాంగమే నిలబడింది.

నిరసన లేని బెయిలవుట్లు: సహకార, గ్రామీణ బ్యాంకులు

వైద్యనాథన్ కమిటీ సిఫార్సుల మేరకు 2006లో గ్రామీణ సహకార పరపతి సంఘాలకు 13,596 కోట్ల పునరుద్ధరణ పథకం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సంఘాలూ లబ్ధి పొందాయి. ఎక్కడా వ్యతిరేకత రాలేదు. సొసైటీ తమదేనన్న భావన రైతుల్లో బలంగా ఉంది.

ప్రాంతీయ గ్రామీణ బ్యాంకుల మూలధనంలో కేంద్రానికి 50, ప్రాయోజక బ్యాంకుకు 35, రాష్ట్రానికి 15 శాతం వాటా. కాబట్టి వాటికి అదనపు మూలధనం పోసినప్పుడల్లా రాష్ట్ర ఖజానా కూడా కదులుతుంది. కడప కేంద్రంగా 1976లో పుట్టిన రాయలసీమ గ్రామీణ బ్యాంకు 2006లో అనంతపురం, నెల్లూరు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది. ప్రధాన కార్యాలయం కడపలోనే ఉండిపోయింది. ఇక్కడ ఆందోళన వచ్చింది మూలధనం మీద కాదు, ఆ కార్యాలయం మీద. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారినప్పుడు, ప్రధాన కార్యాలయాన్ని కడపలోనే ఉంచాలని అక్కడి పార్టీలు, సంఘాలు ఆందోళన చేశాయి. కార్యాలయం అమరావతి ప్రాంతానికి మారింది.